వాడిన పోర్షే కేమన్, బాక్స్‌స్టర్ (986, 987): ఏది నమ్మొచ్చు? కొనేముందు ఏం చూడాలి?

#1 గోదావరి_గేర్ (డల్లాస్)

అందరికీ నమస్కారం. చాలా వెతికాక రెండు కార్ల దగ్గర ఆగాను.

మొదటిది 2007 కేమన్ (ఆ తరం కోడ్ 987), 2.7 లీటర్, 5 గేర్ల మాన్యువల్, 78,400 మైళ్ళు, ముగ్గురు ఓనర్లు. సర్వీసు బిల్లులు ఒక లావుపాటి ఫైలు. 21,500 డాలర్లు చెబుతున్నారు.

రెండోది 2004 బాక్స్‌స్టర్ ఎస్ (అంతకు ముందు తరం, కోడ్ 986), 3.2 లీటర్, 6 గేర్లు, 31,000 మైళ్ళు, ఒకే ఓనరు, ఎప్పుడూ గరాజ్‌లోనే ఉంచారట. బిల్లులు నాలుగైదు ఉన్నాయి. 19,000 చెబుతున్నారు.

వారానికి రెండు మూడు రోజులు తిప్పుతాను. ఐఎంఎస్ బేరింగ్ పేరు చెప్పి అందరూ భయపెడుతున్నారు. అసలు దాని సంగతేంటి? ఈ రెండిట్లో ఏది మేలు?

#2 రెంచ్_బాబాయ్ (అట్లాంటా)

ముందు బేరింగ్ సంగతి, ఎందుకంటే సగం భయం అది ఎక్కడుంటుందో తెలియక వచ్చేదే.

ఈ ఇంజిన్లలో క్రాంక్ షాఫ్ట్ కింద ఇంకో షాఫ్ట్ ఉంటుంది. దాన్నే ఇంటర్మీడియట్ షాఫ్ట్, పొట్టిగా ఐఎంఎస్ అంటారు. క్రాంక్ దీన్ని తిప్పితే, దీని మీది చైన్లు వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్టుల్ని తిప్పుతాయి. ఈ షాఫ్ట్ ఫ్లైవీల్ వైపు చివర సీల్ చేసిన బాల్ బేరింగ్ మీద కూర్చుంటుంది. లోపల గ్రీజు పెట్టి మూసేసిన బేరింగ్ అది. ఏళ్ళు గడిచేకొద్దీ ఇంజిన్ ఆయిల్ సీల్ దాటి లోపలికి ఇంకుతుంది, గ్రీజు కడుక్కుపోతుంది, లోపలికి చేరిన పాత ఆయిల్ అక్కడే నిలిచిపోతుంది. బాల్స్ పొట్టు లేస్తాయి. బేరింగ్ పూర్తిగా పోయిన రోజున షాఫ్ట్ ఊగుతుంది, చైన్ టైమింగ్ తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. ఇక ఇంజిన్ మార్చడమే.

ఇందులో మూడు రకాలున్నాయి. తొలి కార్లలో, అంటే 1997 నుంచి సుమారు 2000 దాకా, రెండు వరసల బేరింగ్. ఆ తర్వాత 2005 దాకా ఒకే వరస చిన్న బేరింగ్. 2006 నుంచి 2008 దాకా ఒకే వరసే గానీ పెద్దది. 2009లో వచ్చిన కొత్త ఇంజిన్లో ఈ షాఫ్టే లేదు, దాంతో ఈ సమస్యా లేదు. మోడల్ మారే ఏడాదుల్లో కలగాపులగం ఉంది కాబట్టి ఆ అంచున ఉన్న కారైతే ఇంజిన్ నంబర్ చూసి తేల్చుకోవాలి.

అమెరికాలో 2001–2005 మోడళ్ళ మీద కోర్టులో సామూహిక దావా నడిచింది. అక్కడ బయటికొచ్చిన లెక్క ప్రకారం ఒకే వరస చిన్న బేరింగ్ పోయేది 8 శాతం దాకా, రెండు వరసలది 1 శాతం లోపు.

మీ 2004 బాక్స్‌స్టర్ ఎస్‌ది ఆ చిన్న బేరింగే. కాకపోతే మార్చుకోవచ్చు: గేర్‌బాక్స్, క్లచ్, ఫ్లైవీల్ దింపితే అందుతుంది. మీ 2007 కేమన్‌ది పెద్దది. అది పోవడం చాలా అరుదు, కానీ ఇంజిన్ కేసు విడదీయకుండా బయటికి రాదు. క్లచ్ మార్చేటప్పుడు ఆ బేరింగ్ బయటి సీల్‌ని జాగ్రత్తగా ఊడదీస్తే ఇంజిన్ ఆయిలే దానికి తడుపు అందిస్తుంది. చాలామంది ఇండిపెండెంట్ మెకానిక్‌లు చేసే పని ఇదే.

#3 పల్నాటి_పిస్టన్ (న్యూజెర్సీ)

బాబాయ్ చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. 31,000 మైళ్ళు అన్న అంకె చూసి మోజుపడకండి. ఇరవై ఏళ్ళకు పైగా ఉన్న కారు, ఏడాదికి 1,500 మైళ్ళు కూడా తిరగలేదు. అంటే ఎక్కువగా పది నిమిషాల షికార్లే. ఇంజిన్ స్టార్టయినప్పుడల్లా లోపల తేమ చేరుతుంది. ఆయిల్ బాగా వేడెక్కి అరగంట తిరిగితే ఆ తేమ ఆవిరై పోతుంది. పొట్టి ప్రయాణాల్లో పోదు, ఆయిల్లో కలిసి ఆమ్లంగా మారుతుంది. ఐఎంఎస్ బేరింగ్ ఉండేది కింది భాగంలో. కారు ఆరు నెలలు కదలకపోతే ఆ పాడైన ఆయిల్లోనే నానుతూ ఉంటుంది.

దీనికి తోడు 986 పుస్తకంలో ఆయిల్ మార్పు 15,000 మైళ్ళకు అని ఉంది. మైళ్ళు నిండలేదు కదా అని ఏళ్ళ తరబడి మార్చని ఓనర్లు ఉన్నారు. బిల్లుల్లో తేదీలు చూడండి. రెండు ఆయిల్ బిల్లుల మధ్య మూడేళ్ళు కనిపిస్తే ఆ కారు మైళ్ళు ఎంత తక్కువైనా ముసలిదే. 5,000 మైళ్ళకు లేదా ఏడాదికి, ఏది ముందొస్తే అప్పుడు మార్చిన 90,000 మైళ్ళ కారు దీనికంటే నయం.

నా ఓటు కేమన్‌కి.

#4 బోర్‌స్కోప్ (చికాగో)

ఐఎంఎస్ గురించే అందరూ మాట్లాడతారు. 2006–2008 కార్లలో నేనైతే ముందు చూడమనేది బోర్ స్కోరింగ్, అంటే సిలిండర్ గోడల మీద గీతలు.

ఈ బ్లాక్ అల్యూమినియం. సిలిండర్ గోడల్లో లోకాసిల్ అనే సిలికాన్ కలిపిన పొర ఉంటుంది, పిస్టన్ల పక్కలకు పలచని పూత. చలిలో స్టార్టు చేసి వెంటనే తొక్కితే, లేదా ఇంజెక్టర్ కారి పెట్రోలు గోడ మీది ఆయిల్‌ని కడిగేస్తే, పూత లేచిపోతుంది. ఆ తర్వాత పిస్టన్ అల్యూమినియం నేరుగా గోడకు రాసుకుంటుంది. ఎక్కువగా దెబ్బతినేవి 3.4 కేమన్ ఎస్, 3.6, 3.8 ఇంజిన్ల 911లు. మీరు చూస్తున్న 2.7లో ఇది బాగా తక్కువ. అందుకే ఈ రెండు కార్ల లెక్కలో 2.7కి నేను మార్కులు ఎక్కువ వేస్తాను, హార్స్‌పవర్ కాస్త తక్కువైనా (245).

గుర్తులు: ఇంజిన్ వేడెక్కాక ఒక పక్క నుంచి లయగా టక్ టక్ శబ్దం, ఆయిల్ తాగడం, స్పార్క్ ప్లగ్గుల్లో ఒకటి రెండింటికే నల్లటి తడి మసి. రెండు పక్కలా విడి పైపులున్న 911లో ఒక పైపు లోపల మరీ నల్లగా ఉంటుంది. మధ్యలో పైపులున్న కేమన్‌లో ఆ తేడా పట్టుకోలేం, ప్లగ్గులు తీసి చూడాల్సిందే.

కెమెరా ప్లగ్గు రంధ్రంలోంచి దింపితే సిలిండర్ పై భాగమే కనిపిస్తుంది. గీతలు మొదలయ్యేది కింద. ఆయిల్ సంప్ విప్పి, పిస్టన్‌ని పైకి తెచ్చి, కింది నుంచి పంపిన కెమెరాతో చూస్తేనే అసలు గోడ కనిపిస్తుంది. ఖర్చు పెరుగుతుంది. 3.4 కొనేవాళ్ళు ఆ ఖర్చుకు వెనకాడొద్దు. 2.7కి ప్లగ్గులు, పై నుంచి కెమెరా, ఫిల్టర్ చూస్తే సాధారణంగా సరిపోతుంది.

#5 గోదావరి_గేర్

బాబాయ్ గారూ, అందరికీ ధన్యవాదాలు. కంప్యూటర్ పెట్టి ఓవర్‌రెవ్ రిపోర్టు (ఇంజిన్ హద్దు దాటి తిరిగిన లెక్క) తీయించమంటున్నారు. అందులో అంకెలు ఎలా చదవాలి?

#6 సిరిసిల్ల_స్పానర్ (ఫీనిక్స్)

చెప్త అన్నా. డ్యూరామెట్రిక్ స్కానర్ పెట్టినా, డీలర్ దగ్గరి పీవిస్ స్కానర్ పెట్టినా 987కి ఆరు రేంజ్‌లు వస్తయి. 1: 7,300–7,500 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు). 2: 7,700 దాక. 3: 7,900 దాక. 4: 8,400 దాక. 5: 9,500 దాక. 6 ఆ పైన. ఒకటో రేంజ్‌ల అంకెలుంటే భయపడొద్దు, యాక్సిలరేటర్ నిండ తొక్కి రెవ్ లిమిటర్‌కి తాకిచ్చినా పడతయి. నాలుగు నుంచి పైన పడాలంటె ఇంజిన్ తనంతట తాను అంత తిరగదు. ఐదో గేర్ల నుంచి నాలుగు అనుకొని రెండుకో, మూడు అనుకొని ఒకటికో దించి క్లచ్ వదిలితె చక్రాలే ఇంజిన్‌ని గుంజుతయి. అదే ప్రమాదం. టిప్‌ట్రానిక్ (ఆటోమేటిక్) కారుకి ఈ బాధ లేదు, అది తప్పుడు గేర్ ఒప్పుకోదు.

అక్కడ కనపడే అంకె ఎన్నిసార్లు అని కాదు, ఎన్ని ఇగ్నిషన్లు అని. ఆరు సిలిండర్ల ఇంజిన్ ఒక చుట్టుకు మూడు సార్లు మండుతది. 8,000 ఆర్‌పీఎమ్ అంటె సెకనుకు 400. అంటె 40 అని ఉంటె సెకనుల పదో వంతు. అంకె చూసి గుండె పట్టుకోవద్దు, భాగించుకొని చూడాలె.

దాని పక్కనే గంటలు ఉంటయి: ఆఖరుసారి ఏ గంట దగ్గర జరిగిందో. మొత్తం నడిచిన గంటలు కూడ ఉంటయి. ఐదో రేంజ్‌ల పడి 1,500 గంటలు మామూలుగ తిరిగిందంటె, పోవాల్సింది ఉంటె ఎప్పుడో పోయేది. నిన్న మొన్న పడ్డదైతె వదిలెయ్యి.

ఇంకో లాభం: మీటర్ల మైళ్ళని ఆ గంటలతోని భాగించు. 25 నుంచి 35 మధ్య వస్తె నమ్మొచ్చు. 12, 15 వస్తె మీటర్ వెనక్కి తిప్పిన్రేమో, లేకుంటె ట్రాఫిక్‌ల నిలబడి నిలబడి అరిగిన కారు.

#7 బే_ఏరియా_బాక్సర్ (ఫ్రీమాంట్)

నేను ఇక్కడ ఒప్పుకోను. అందరూ 2004ని పక్కన పడేస్తున్నారు. 3.2 ఎస్ ఇంజిన్ 258 హార్స్‌పవర్, 6 గేర్లు, ఆ ఏడాదికి వెనక అద్దం ప్లాస్టిక్ పోయి గాజు వచ్చేసింది. బేరింగ్ మార్చుకునే వీలున్న కారు అది. కేమన్ బేరింగ్ పోదు పోదు అంటూనే, పోతే చేసేదేం లేదు అంటున్నారు కదా?

క్లచ్, బేరింగ్, రియర్ మెయిన్ సీల్ కలిపి ఇండిపెండెంట్ షాపులో 3,000 నుంచి 4,000 డాలర్లు. ఆ మొత్తం ధరలో కోయించి 15,500కి వస్తే, 2004 మంచి బేరమే.

#8 రెంచ్_బాబాయ్

బాక్సర్ గారి లెక్క తప్పు కాదు, ఒక షరతుతో. కొత్త బేరింగ్ వేసేముందు పాత బేరింగ్ అప్పటికే పొట్టు వదలడం మొదలుపెట్టలేదని నిర్ధారించుకోవాలి. ఇనుప రజను ఇంజిన్ అంతా తిరిగి ఉంటే కొత్త బేరింగ్‌నీ, క్రాంక్ బేరింగ్‌లనీ కూడా తినేస్తుంది. అలాంటి ఇంజిన్‌కి కిట్ వేయడం డబ్బు పారబోయడమే.

దానికి పరీక్ష ఆయిల్ ఫిల్టర్. ఇది చేయనివ్వని అమ్మకందారు దగ్గర ఏ కారూ కొనకండి.

ఇంజిన్ వేడిగా ఉండగా కారు లేపి, 8 ఎంఎం అలెన్‌తో డ్రెయిన్ ప్లగ్ విప్పి, శుభ్రమైన పళ్ళెంలోకి ఆయిల్ దించండి. ఫిల్టర్ ప్లాస్టిక్ గిన్నెలో ఉండే కాగితపు రకం. గిన్నెని ఫిల్టర్ రెంచ్‌తో విప్పాక, గిన్నె అడుగున మిగిలిన ఆయిల్ పారబోయకండి, ముందు దానిలో వేలు తిప్పి వెలుతురులో చూడండి. తర్వాత ఫిల్టర్ పై మూత, కింది మూత దగ్గర కాగితాన్ని బ్లేడుతో కోసి, మడతలన్నీ బల్ల మీద అకార్డియన్‌లా పరచండి. గట్టిగా పిండి ఆయిల్ తీసేసి, మడత మడతకీ అయస్కాంతం రాయండి.

నల్లటి లేదా గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలు ఒకటి రెండు కనిపిస్తే అవి చైన్ గైడ్లవి. ఈ వయసుకు కొద్దిగా మామూలే. మెరిసే రేకులు అయస్కాంతానికి అంటకపోతే అల్యూమినియం, అంటే పిస్టన్, సిలిండర్ వైపు అనుమానం. అయస్కాంతానికి అతుక్కునే సన్నటి మెరిసే పొట్టు కనిపిస్తే బేరింగ్. అక్కడితో బేరం ఆపేయండి.

బిగించేటప్పుడు కొత్త రింగు వేసి గిన్నె 25 న్యూటన్ మీటర్లు, డ్రెయిన్ ప్లగ్ కొత్త వాషర్‌తో 50. ఆయిల్ 0డబ్ల్యు-40 లేదా 5డబ్ల్యు-40, డబ్బా మీద పోర్షే ఏ40 ఆమోదం ఉన్నది. ఒకేసారి మొత్తం పోసేయకండి. 7 క్వార్టులు పోసి లెవెల్ చూసుకుంటూ పెంచండి. ఎక్కువైన ఆయిల్ ఏఓఎస్‌లోకి పోయి దాన్ని పాడు చేస్తుంది.

#9 పల్నాటి_పిస్టన్

ఏఓఎస్ అంటే ఎయిర్ ఆయిల్ సెపరేటర్, ఇంజిన్ లోపలి ఆవిరిలోంచి ఆయిల్‌ని వేరుచేసే డబ్బా. లోపలి రబ్బరు పొర చిరిగితే ఆయిల్ ఇన్‌టేక్‌లోకి లాక్కుపోతుంది, స్టార్టు చేయగానే వీధంతా తెల్లటి పొగ. పరీక్ష తేలిక: ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తిప్పి లేపండి. కాస్త పీల్చినట్టుండి సులువుగా వస్తే బాగున్నట్టు. చెయ్యి గుంజేసినట్టు గట్టిగా పట్టుకుంటే పొర చిరిగింది. రాత్రంతా నిలిపిన కారు స్టార్టు చేస్తే రెండు మూడు సెకన్ల సన్నటి పొగ వేరే సంగతి. ఇంజిన్ పడుకుని ఉంటుంది కాబట్టి కొంచెం ఆయిల్ సిలిండర్లో నిలుస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

అందుకే అమ్మేవాళ్ళకు ముందే చెప్పండి: మేం వచ్చేదాకా స్టార్టు చేయొద్దని. వెళ్ళగానే ఇంజిన్ మూత మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి తిరిగి రండి.

ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ చదివేది) పెట్టి రెడినెస్ మానిటర్లు, అంటే కారు తనకు తాను చేసుకునే పరీక్షలు, కూడా చూడండి. లోపాల కోడ్‌లు లేవు గానీ మానిటర్లు సగం పూర్తికాలేదని వస్తే, ఎవరో కోడ్‌లు చెరిపి రెండు రోజులు కూడా కాలేదన్నమాట. ఈ కార్లలో ఎక్కువగా చెరిపేది పి0300 నుంచి పి0306 దాకా, మిస్‌ఫైర్ (సిలిండర్ సరిగ్గా మండకపోవడం). చాలాసార్లు కారణం పగిలిన కాయిల్సే, అది చిన్న పనే. దాచడమే అనుమానం.

#10 సిరిసిల్ల_స్పానర్

కూలెంట్ సంగతి ఎవ్వరు చెప్పలే. ఇంజిన్ మధ్యల, రేడియేటర్లు ముందట. బంపర్ కింది రెండు మూతుల్ల చెయ్యి పెట్టి చూడు, ఎండుటాకులు పిడికెడు పిడికెడు వస్తయి. అవి తడిసి కుళ్ళి ఏసీ కండెన్సర్‌ని తుప్పు పట్టిస్తయి. బంపర్ ఇప్పి కడగాలె, ఏడాదికోసారి.

వాటర్ పంప్ రెక్కలు ప్లాస్టిక్‌వి. 60,000 మైళ్ళు దాటినంక అసలు పంప్ అట్లనే ఉంటె మార్చెయ్యాలె, ముక్కలు విరిగి నీళ్ళ దారుల్ల పడ్డాయంటె ఏరుడు కష్టం. ఇనుప రెక్కల పంప్ పెట్టొద్దు: బేరింగ్ వదులైతె ఆ రెక్కలు బ్లాక్‌నే గీరుతయి.

986ల డిక్కీలో కూలెంట్ డబ్బా పగుల్తది. కార్పెట్ లేపి చెయ్యితోని ఒత్తి, వేళ్ళు వాసన చూడు. తియ్యటి వాసన వస్తె కారుతున్నట్టె.

#11 బే_ఏరియా_బాక్సర్

స్పానర్ అన్న కార్పెట్ అన్నాడు కాబట్టి: ఓపెన్ టాప్ కారు చూసేటప్పుడు డ్రైవర్ సీటు కింద కార్పెట్‌ని అరచేత్తో గట్టిగా నొక్కండి. టాప్ మడిచే చోట నీళ్ళు దిగే గొట్టాలుంటాయి. ఆకులు అడ్డుపడితే వాన నీళ్ళు నేరుగా లోపలికి దిగుతాయి. 986లో ఇమ్మొబిలైజర్ పెట్టె సీటు కిందే, నేల మీదే ఉంది. తడిస్తే తాళం గుర్తుపట్టదు, కారు స్టార్టు కాదు, అలారం ఇష్టమొచ్చినట్టు మోగుతుంది. పైన పొడిగా కనిపించినా కింది స్పాంజి నెలల తరబడి తడి పట్టుకుంటుంది. ఒక మగ్గు నీళ్ళు టాప్ మడిచే చోటి గొట్టాల మూల పోసి చూడండి, కారు కిందకి జలజలా పడాలి.

టైర్ల లోపలి అంచు కూడా. వెనక చక్రాలు కాస్త లోపలికి వంగి ఉంటాయి కాబట్టి బయటి నుంచి సగం ఉన్న టైరు లోపల తీగలు తేలి ఉంటుంది. చక్రం వెనక నుంచి చెయ్యి పెట్టి తడమండి. పక్కన డాట్ నంబర్ చివరి నాలుగంకెలు వారం, ఏడాది: 3117 అంటే 2017లో 31వ వారం. అలాంటి టైరు గీతలు ఎంత లోతున్నా ఈ కారుకి పనికిరాదు.

#12 చార్మినార్_క్లచ్ (హైదరాబాద్)

అమెరికాలో ధరలు ఇంత అగ్గువ ఉంటే, తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకోవచ్చా?

#13 రెంచ్_బాబాయ్

కుదరదండి. స్టీరింగ్ ఎడమవైపు, పైగా మన దగ్గర తయారై మూడేళ్ళు దాటిన వాడిన కారు దిగుమతికి ఒప్పుకోరు. మీరు అక్కడే వాడినది చూసుకుంటే ఇంజిన్ తనిఖీ ఇదే, కాగితాలు మాత్రం జాగ్రత్త. వేరే రాష్ట్రం నంబరున్న కారైతే, పుదుచ్చేరిదైతే మరీను, ఎన్‌ఓసీ (ఫారం 28) చేతికొచ్చి, తెలంగాణ లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుందో ఆర్టీఏలో తేలాకే పూర్తి డబ్బివ్వండి. ఓనరు పేరు మార్చే ఫారాలు 29, 30 మీద సంతకాలు, లోను ఉండి ఉంటే ఫారం 35. కింద ప్లాస్టిక్ పలకలు స్పీడ్ బ్రేకర్లకు గీసుకుని ఊడి ఉంటాయి, లిఫ్టు మీద ఆయిల్ సంప్‌కి దెబ్బలున్నాయేమో చూడండి.

#14 గోదావరి_గేర్

రెండు కార్లూ చూడటం అయింది. బాక్స్‌స్టర్ ఓనరు ఫిల్టర్ తీయనివ్వనన్నారు, వదిలేశాను. కేమన్‌కి ఇండిపెండెంట్ షాపులో తనిఖీ చేయించాను. వచ్చినవి ఇవి:

గంటలు మొత్తం 2,450. రేంజ్ 1: 4,120. రేంజ్ 2: 310. రేంజ్ 3: 24, ఆఖరుసారి 611 గంటల దగ్గర. 4, 5, 6 సున్నా.
ఫిల్టర్‌లో రెండు గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలు, అయస్కాంతానికి ఏమీ అంటలేదు.
ప్లగ్గులు ఆరూ ఒకే రంగు. కెమెరాలో గీతలు కనపడలేదు.
వాటర్ పంప్ కింద ఎండిన కూలెంట్ మరక. వెనక టైర్లు డాట్ 1416. క్లచ్ 61,000 దగ్గర మార్చిన బిల్లు ఉంది, బేరింగ్ సీల్ తీసినట్టు రాయలేదు.
బ్రేక్ ఫ్లూయిడ్ చివరి బిల్లు నాలుగేళ్ళ కిందటిది.

#15 సిరిసిల్ల_స్పానర్

78,400ని 2,450తోని భాగిస్తె 32. మీటర్ నిజమే. మూడో రేంజ్‌ల 24 అంటె సెకనుల ఇరవయ్యో వంతు కంటె జర ఎక్కువ, అది కూడ 1,800 గంటల కింద. మంచి రిపోర్టు అన్నా, తీస్కో.

#16 బోర్‌స్కోప్

ఆరు ప్లగ్గులూ ఒకే రంగు అన్నది నాకు బాగా నచ్చిన మాట. పంప్, వెనక టైర్లు, బ్రేక్ ఫ్లూయిడ్ మూడూ రాతలో చూపించి 2,000 తగ్గించమని అడగండి. అంత తగ్గించకపోయినా 1,500 తగ్గింపు దగ్గర ఒప్పుకోవచ్చు.

#17 రెంచ్_బాబాయ్

సీల్ కోసం ఇప్పుడే గేర్‌బాక్స్ దింపించకండి, తర్వాతి క్లచ్‌తో పాటు చేయించుకుంటే చాలు. కొన్న వారంలోనే పంప్, థర్మోస్టాట్ కలిపి మార్పించండి, ఎటూ కూలెంట్ దించుతారు కదా. నింపేటప్పుడు వాక్యూమ్ పెట్టి నింపమనండి, మామూలుగా పోస్తే ముందు రేడియేటర్లలో గాలి బుడగలు నిలిచిపోతాయి. పంప్ అయ్యాక 500 మైళ్ళకు ఆయిల్ మళ్ళీ మార్చి ఆ ఫిల్టర్ కూడా కోసి చూడండి. రెండో ఫిల్టర్‌లో ప్లాస్టిక్ ముక్కలు మొదటిదానికంటే పెరిగితే ఫోటో ఇక్కడ పెట్టండి, చైన్ గైడ్ల సంగతి అప్పుడు చూద్దాం.